పాత మోటారు: ఉన్నదున్నట్లా, మనసుకు నచ్చినట్లా?

సిరిసిల్లలో గాని, జగిత్యాల, కోరుట్లలలో గాని పాతకాపురముల ఇండ్లలో వెదకినచో, రేకుల షెడ్డు క్రింద టార్పాలిను కప్పుకొని నిలిచియున్న పాత వాహనము అక్కడక్కడ కానవచ్చును. అది ఒక ఇంట జీపు, ఒక ఇంట అంబాసిడరు, వేరొక ఇంట బుల్లెట్టు లేక జావా మోటారుసైకిలు. దానిని కొన్న పెద్దలు నేడు లేకపోవచ్చును. పెండ్లిళ్ళకు, వేములవాడ రాజన్న దర్శనమునకు, నూలు బేరములకు తిరిగిన బండి నేడు చక్రములలో గాలి పోయి, ఇంజను పట్టుకొనిపోయి కదలక యున్నది. పిల్లలో మనుమలో ఒకనాడు దానిని మరల నడిపింపవలెనని తలపెట్టుదురు. అప్పుడు ఇంటిలో పుట్టు మొదటి ప్రశ్న డబ్బును గురించినది. రెండవ ప్రశ్న అంతకంటె కఠినమైనది. ఈ బండిని కార్ఖానానుండి వెలువడిననాటి రూపునకు తేవలెనా, లేక నేటి మన సుఖమునకు, సరదాకు తగినట్లు మార్చుకొనవలెనా?

ఈ విషయమున లోకములో రెండు పక్షములు కలవు. పాత వాహనము చరిత్రకు సాక్ష్యము గనుక ఒక్క మరమేకునైనను మార్చరాదని ఒక పక్షమువారందురు. బండి నాది, సొమ్ము నాది, దానిలో కూర్చుండి తిరుగువాడను నేను, కావున నా మనసుకు నచ్చినట్లు చేయించుకొందునని రెండవ పక్షమువారందురు. రెండింటియందును న్యాయము కలదు. ఏ సందర్భమున ఏ న్యాయము బలమైనదో విడమరచి చూచుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ముందుగా మాటలను వేరుపరచుకొనవలెను. మన వాడుకలో అన్నిటికిని మరమ్మతు అనియే పేరు. కాని ఇందులో నాలుగు వేరువేరు పనులున్నవి. ఉన్న వస్తువు ఇంకను చెడకుండ కాపాడుట రక్షణము. చెడిన భాగమును బాగుచేసి పని జరుగునట్లు చూచుట మరమ్మతు. పోయిన రూపమును ఆధారములనుబట్టి తిరిగి తెచ్చుట పునరుద్ధరణము. ఇదివరలో లేని గుణమును క్రొత్తగా చేర్చుట మార్పు. షెడ్డులో మేస్త్రీకి పని అప్పగించునప్పుడు ఈ నాలుగింటిలో మనకు కావలసినదేదో మనకే తెలియకున్నచో, రక్షణముతో మొదలైన పని మార్పుతో ముగియును. తుప్పు గోకుమన్న చోట రంగంతయు గోకబడును. సీటు కుట్టుమన్న చోట పాత గుడ్డ చెత్తకుప్పలో చేరును.

ఉన్నదున్నట్లు నిలుపవలసిన వాహనమునకు మన రాష్ట్రముననే గొప్ప ఉదాహరణము కలదు. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదములో నిజాము ప్రభువుల రోల్సు రాయిసు కారు ప్రదర్శనమున నున్నది. అది 1912 నాటి సిల్వరు ఘోస్టు. దానిపై దేహభాగమును నిర్మించినది లండనులోని బార్కరు కంపెనీ. ఆరవ నిజాము మహబూబు అలీఖాను కాలమున కోరబడిన ఆ కారు, ఆయన 1911లో గతించుటచే, ఏడవ నిజాము ఉస్మాను అలీఖాను చేతికి వచ్చినది. పసుపుపచ్చని రంగు, గుమ్మటమువంటి కప్పు, వెనుక సింహాసనమువలె ఎత్తుగా అమర్చిన ఆసనము దాని విశేషములు. ఊరేగింపులకు మాత్రమే వాడబడుటచే దశాబ్దములు గడచినను దాని మైళ్ళ గడియారము 356 మైళ్ళను మించలేదు. చౌమహల్లా ప్రాసాదము 2005లో ప్రజల దర్శనార్థము తెరువబడినది. ఆ ప్రాసాద సంరక్షణమునకు 2010లో యునెస్కో ఆసియా పసిఫికు ప్రాంతపు పురస్కారము లభించినది.

అట్టి కారులో ఎయిర్‌కండిషను అమర్చుదమని గాని, క్రొత్త ఇంజను వేయుదమని గాని ఎవరును అనరు. దాని విలువ ప్రయాణ సాధనముగా లేదు. ఒక రాజ్యము, ఒక కాలము, ఒక పనితనము దానియందు నిలిచియున్నవి. అట్టిది మరియొకటి లేదు. దానియందలి ఒక కడ్డీ మారినను, ఆ సాక్ష్యములో ఒక మాట చెరిగిపోయినట్లే యగును.

దీనికి సరిగా ఎదురుగా నిలుచు ఉదాహరణమును ఆ నగరముననే కలదు. బహదూరుపుర ప్రాంతమున 2010లో వెలసిన సుధా కార్ల ప్రదర్శనశాలలో వంకాయ ఆకారపు కారు, చెప్పు ఆకారపు కారు, క్రికెట్టు బ్యాటు ఆకారపు కారు మొదలగునవి కలవు. వానిని రూపొందించిన సుధాకరు 2005 జూలై 1న హైదరాబాదు వీధిలో 41 అడుగుల 7 అంగుళముల ఎత్తుగల మూడుచక్రముల సైకిలును త్రొక్కి గిన్నిసు గ్రంథమున స్థానము పొందినారు. ఇక్కడ అసలుదనమను ప్రశ్నయే లేదు. ఉన్నదంతయు చేయువాని ఆనందము, చూచు పిల్లల ఆశ్చర్యము. దీనిని తప్పుపట్టుటకు ఏమియు లేదు. ఆ ఆనందము ఏ చరిత్రాత్మక వస్తువును పాడుచేసి సంపాదించినది కాదు. సరదా అనునది దానంతట అది దోషము కాదు. ఆ సరదా ఏ వస్తువుమీద తీర్చుకొనుచున్నామన్నదే విచారింపవలసిన సంగతి.

మన ఇండ్లలోని బండ్లు ఈ రెండు కొనలకును నడుమ నున్నవి. అంబాసిడరునే తీసికొందము. ఇంగ్లండునందలి మోరిసు ఆక్సుఫర్డు మూడవ శ్రేణి కారును ఆధారముగా చేసికొని హిందుస్థాన్ మోటార్సు సంస్థ బెంగాలులోని ఉత్తరపారాలో దానిని 1957 మొదలు తయారుచేయసాగినది. 2014 మే నెలలో ఆ ఉత్పత్తి నిలిచిపోయినది. ఇన్నేండ్లును ఒకే ముఖముతో కనబడినను లోపల అనేక మార్పులు జరిగినవి. మొదటి సైడువాల్వు ఇంజను 1476 సి.సి. గలది. 1959లో దాని స్థానమున 1489 సి.సి. ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను వచ్చినది. తరువాత మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4 అను పేర్లతో ముందరి జాలీ, దీపములు, డ్యాషుబోర్డు మారినవి. పిమ్మట డీజిలు ఇంజను, 1990 దశకమున ఇసుజు ఇంజను చేరినవి. కావున అంబాసిడరును అసలు రూపునకు తెత్తుమన్నవారిని ఏ సంవత్సరపు అసలు రూపమని మొదట అడుగవలెను. ఇక్కడ పొరపాటు చేయుట సులభము. మార్క్ 2 బండికి మార్క్ 4 జాలీ తగిలించి, క్రొత్త రంగు వేసి, అంతయు పూర్వపుదేయని మురియువారు కలరు. అది కార్ఖానాలో ఎన్నడును పుట్టని బండి. అది అసలుదియు కాదు, సుఖమును పెంచినదియు కాదు.

జీపు కథ ఇంకను చిక్కైనది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున విల్లీసు, ఫోర్డు కంపెనీలు కలసి ఆరు లక్షలకు పైగా జీపులను తయారుచేసినవి. మన దేశమున 1947 నుండి మహీంద్రావారు విల్లీసు జీపుల భాగములను కూర్చి అమ్మసాగిరి. ఆనాటి జీపులకు పెట్రోలు ఇంజనులే యుండెడివి. పెట్రోలు ధర పెరిగిన పిమ్మట, ముఖ్యముగా పల్లెలలో, ఎందరో వానిని ఊడదీయించి డీజిలు ఇంజనులను పెట్టించిరి. వెనుక బెంచీలు పొడిగించి, ఇనుప కప్పు వేయించి, ఊరూర మనుషులను చేరవేసిరి. మరి నేడు ఒక మనుమడు అట్టి జీపును చేతబట్టినచో అసలుదేది? కార్ఖానా ఇచ్చిన పెట్రోలు జీపా, లేక తాతగారు డీజిలు ఇంజను పెట్టించి పాతికేండ్లు కుటుంబమును పోషించిన జీపా? తాతగారు చేయించిన మార్పుకూడ చరిత్రయే. అది ఆ కాలపు అవసరమును, ఆనాటి ఇంధనపు ధరను, మన ఊరి మేస్త్రీ నేర్పును చెప్పుచున్నది. దానిని తుడిచివేసి కార్ఖానా రూపమును తెచ్చినచో, అమెరికా చరిత్ర దక్కునుగాని మన ఇంటి చరిత్ర పోవచ్చును.

ఈ సంగతి సిరిసిల్లవారికి విడమరచి చెప్పనక్కరలేదు. ఇచటివారు సాంచె అని పిలుచు మరమగ్గమును చూడుడు. షోలాపూరు, భివండి నగరములకు వలసపోయి అక్కడ మరమగ్గముల పని నేర్చినవారు ఈ ప్రాంతమున ఎందరో కలరు. ఆ విద్యతోడనే ఈ ఊరు వస్త్రనగరమైనది. రాత్రింబవళ్ళు ఆడు సాంచెలో నాడె అరుగును, తోలుపట్టీ తెగును, పళ్ళచక్రము విరుగును, బేరింగు పోవును. ఫిట్టరు వచ్చి ఆ భాగమును తీసి వేరొకటి వేయును. దొరకనిచో లేతుమీద తీయించును. ఇరువది ముప్పది ఏండ్లు గడచునప్పటికి ఆ సాంచెలో మొదటినాటి ఇనుము ఎంత మిగిలినదో ఎవరును లెక్కింపరు. లెక్కింపవలసినది దిగిన గుడ్డయే. యంత్రము పనిచేయుటవలననే బ్రదుకును అనునది కార్మికుని సిద్ధాంతము. ఇది సత్యమైన సిద్ధాంతము, గౌరవింపదగినది.

అయినను దీనికొక రెండవ వైపు కలదు. పనికి రానినాడు సాంచెను తూకము వేసి తుక్కుక్రింద అమ్ముదురు. చేనేత మగ్గపు కొయ్యలు పొయ్యిలోనికి పోవును. క్రొత్త యంత్రములు వచ్చుకొలదియు పాతవి ఇట్లే వెడలిపోవుచుండును. పని ఒక్కటియే విలువయని నమ్మినచో, పని ముగిసిననాడు వస్తువునకు విలువ సున్నయగును. అప్పుడు, మన పెద్దలు ఎట్టి యంత్రముమీద నిలువుకాళ్ళమీద పనిచేసిరని పిల్లలడిగినచో చూపుటకు ఒక్కటియు మిగులదు. ఒక్క సాంచెనైనను మొదటినాటి భాగములతో నిలుపుకొనుట ఊరికి మేలు. అన్ని సాంచెలను అట్లే నిలుపుమనుట నేతగానికి అన్యాయము. పాత మోటారుల విషయమునను ఈ వివేకమే కావలెను.

భాగములన్నియు మారినపిమ్మట వస్తువు అదియే యగునా అను సందేహము ఇప్పటిది కాదు. ఏథెన్సు నగరమువారు థీసియసు వీరుని ఓడను కాపాడుచు, కుళ్ళిన పలకను తీసి క్రొత్త పలకను వేయుచు వచ్చిరనియు, అది పాత ఓడయేనా యని తత్త్వవేత్తలు వాదులాడిరనియు ప్లూటార్కు వ్రాసినాడు. మన కడ హనుమకొండ వేయిస్తంభముల గుడి కళ్యాణమండపమును గుర్తుచేసికొనవచ్చును. నేల క్రుంగి శిథిలమైన ఆ మండపమును విప్పి, రాళ్ళకు సంఖ్యలు వేసి, పునాదిని బలపరచి, మరల కూర్చినారు. పోయిన రాళ్ళకు బదులు క్రొత్తవి చెక్కించినారు. 2024 మార్చిలో అది మరల తెరువబడినది. రాతికి సంఖ్య వేయుట చిన్న పనిగా తోచును. కాని పునరుద్ధరణముయొక్క ప్రాణమంతయు అందున్నది. ఏది ఎక్కడిది, ఏది పాతది, ఏది క్రొత్తది యని తరువాతివారు తెలిసికొనగలుగుటకు అదియే ఆధారము.

కట్టడముల సంరక్షణమునకు 1964లో వెనిసు నగరమున ఒక నియమపత్రము రూపొందినది. ఆధారము లేక ఊహ ప్రారంభమగుచోట పునరుద్ధరణము ఆగిపోవలెననియు, క్రొత్తగా చేర్చిన భాగము పాతదానితో కలసియుండవలెను గాని పాతదిగా నటింపరాదనియు దాని సారాంశము. మోటారు వాహనముల విషయమున ఈ సూత్రములనే అనుసరించి అంతర్జాతీయ పురాతన వాహన సమాఖ్య, అనగా ఫీవా, ఒక పత్రమును రూపొందించినది. ఈ సమాఖ్య 1966లో ఏర్పడినది. దాని ట్యూరిను పత్రము 2013లో స్థిరపడినది. ముప్పది ఏండ్లకు తక్కువ కాని వయస్సు గలిగి, చారిత్రకముగా సరియైన స్థితిలో కాపాడబడుచు, దినవారీ ప్రయాణమునకు వాడబడని వాహనమును అది చారిత్రక వాహనముగా పరిగణించును. వీలైనంత తక్కువగా చేయి పెట్టుట, మార్చిన భాగమునకు గుర్తు పెట్టుట, చేసిన పనిని వ్రాసి యుంచుట అను మూడును దాని ముఖ్యబోధలు.

ఆ పత్రములో మరియొక అంశము కలదు. దానిని పాతదనపు పక్షమువారు తరచుగా మరతురు. చారిత్రక వాహనము రోడ్డుమీద నడుచుచుండుటయు సంరక్షణమునకు ముఖ్యమని అది చెప్పుచున్నది. వాహనము కదలుటకై పుట్టినది. దాని శబ్దము, వాసన, గేరు మార్చునప్పటి చేతి అనుభవము అన్నియు దాని చరిత్రలోనివే. అవి అద్దాలబీరువాలో కానరావు. కావున అసలుదనమును కోరువారు అనుభవమునకు శత్రువులు కానక్కరలేదు.

ప్రదర్శన పోటీలలోను ఈ ఆలోచన క్రమముగా మారినది. మన దేశమున ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక పాతకార్ల యాత్ర 1964లో ఆరంభమైనది. అమెరికాలోని పెబులు బీచి ప్రదర్శనము 1950 నుండియు జరుగుచున్నది. చాలకాలము బహుమానములు అద్దమువలె మెరయు కార్లకే దక్కెడివి. క్రమముగా ఆ మెరుపు కార్ఖానా ఇచ్చిన మెరుపును మించిపోయినది. ఇరువదియొకటవ శతాబ్దినుండి, ఏనాడును విప్పి రంగు వేయని, ముడతలతో, గీతలతో ఉన్న వాహనములకు ప్రత్యేక తరగతులు ఏర్పడినవి. వాహనము ఎన్నిసార్లయినను పునరుద్ధరింపబడవచ్చును గాని, మొదటి రూపముతో ఒక్కమారే ఉండగలదను గ్రహింపు దీనికి మూలము.

ఇక మన దేశపు చట్టమేమి చెప్పునో తెలిసికొనుట గృహస్థులకు అవసరము. మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము తయారీదారుని అసలు వివరములకు విరుద్ధమగునట్లు వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమమును గట్టిగా నిలబెట్టినది. ఇంధనము మార్చు కిట్టులవంటి కొన్నిటికి మాత్రము అనుమతితో అవకాశము కలదు. కావున రోడ్డుమీద పెద్ద పెద్ద చక్రములు వేసి, చాసిసు కోసి అతికించి తయారుచేయు జీపులు, చూచుటకు ఎంత సొగసుగా నున్నను, చట్టము ముందు నిలువజాలవు.

2021 జూలైలో కేంద్రప్రభుత్వము పురాతన వాహనముల కొరకు ప్రత్యేక నియమములను ప్రకటించినది. మొదటి నమోదు జరిగి ఏబదియేండ్లు దాటి, అసలు రూపములో కాపాడబడుచు, చాసిసునందు గాని, దేహమునందు గాని, ఇంజనునందు గాని గణనీయమైన మార్పు పొందని రెండుచక్రముల, నాలుగుచక్రముల వాహనములకు అవి వర్తించును. అనగా 2025లో లెక్కించినచో 1975కు పూర్వపు బండ్లు. క్రొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, తిరిగి నమోదుకు 5,000 రూపాయలు. నమోదు పదియేండ్లు చెల్లును. సంఖ్యలో రాష్ట్రపు గుర్తు తరువాత వి.ఏ. అను అక్షరములుండును. ఇదివరకే నమోదైన బండి తన పాత సంఖ్యను నిలుపుకొనవచ్చును. కాని అట్టి వాహనమును నిత్యము తిప్పుటకు గాని, అద్దెకు నడుపుటకు గాని వీలులేదు. ప్రదర్శనములకు, పాతకార్ల యాత్రలకు, పరిశోధనకు, ఇంధనము పోయించుటకు, మరమ్మతునకు మాత్రమే రోడ్డెక్కవలెను.

దీనినిబట్టి నిర్ణయము ముందుగనే చేసికొనవలసి యున్నది. తాతగారి కారుకు వేరొక ఇంజను పెట్టించిన పిమ్మట పురాతన వాహనముగా నమోదు కోరినచో ఆ ద్వారము మూసికొనిపోవచ్చును. దినదినము తిరుగవలెనన్నచో సాధారణ నమోదుననే యుండి, పదునైదేండ్ల తరువాత అయిదేండ్లకొకమారు తనిఖీ చేయించి పొడిగించుకొనవలెను. రెండు ప్రయోజనములను ఒకే బండినుండి పిండుట సాధ్యము కాదు.

ఇప్పుడు షెడ్డులోనికి పోదము. ఒక్కొక్క పనికి మూడు ప్రశ్నలు వేసికొనిన చాలును. మొదటిది: ఈ మార్పును తరువాత తిరిగి తీసివేయవచ్చునా? రెండవది: బండి నడుచుటకు లేక ప్రాణరక్షణకు ఇది అవసరమా? మూడవది: ఇట్టి వస్తువు ఇంకను ఎన్ని మిగిలియున్నవి?

రంగును తీసికొందము. పాతకాలపు నైట్రోసెల్యులోజు లక్కరు, సింథటికు ఎనామెలు పలుచని పొరలుగా వేసి చేతితో మెరుగుపెట్టబడెడివి. వాని మెరుపు మెత్తనిది. నేటి రెండు ద్రవముల పాలియురితేను రంగు గాజువలె మెరయును, ఎక్కువ కాలము నిలుచును. ఇసుకకాగితముతో పాత రంగును ఇనుము వరకు గోకినచో ఆ రంగును, దానిక్రింది గుర్తులను, ఎచ్చటనో మిగిలిన పాత వ్రాతలను మరల తేలేము. మొదటి ప్రశ్నకు సమాధానము ఇక్కడ లేదు అని వచ్చినది. కావున తుప్పు తినివేయుచున్న చోట తప్ప రంగు జోలికి పోకుండుట మేలు. తప్పనిసరియైనచో తలుపు లోపలివైపున గాని, డ్యాషుబోర్డు క్రింద గాని ఒక అరచేతి మేర పాత రంగును సాక్ష్యముగా విడువవలెను.

ఇంధనపు సంగతి వేరు. మన దేశమున సీసము కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరితో నిలిచిపోయినది. పాత ఇంజనులలో వాల్వు కూర్చుండు ఇనుపగద్దెకు ఆ సీసమే కొంత రక్షణగా నుండెడిది. అది లేకపోవుటచే గట్టి ఉక్కు గద్దెలను అమర్చవలసి వచ్చుచున్నది. ఇటీవల పెట్రోలులో ఇరువది శాతము వరకు ఇథనాలు కలుపబడుచున్నది. ఇది పాత రబ్బరు గొట్టములను, వాషర్లను ఉబ్బించి చీల్చును, తేమను పీల్చి ట్యాంకు తుప్పునకు దారితీయును. గొట్టము చీలి వేడి ఇంజనుపై పెట్రోలు కారుట ప్రమాదము. ఇక్కడ పాత రబ్బరునే ఉంచుదుననుట అసలుదనము కాదు, అజాగ్రత్త. ఇథనాలునకు తట్టుకొను గొట్టములను వేయవలెను. బయటికి కనబడవు, తీసివేయుటయు సులభము.

బ్రేకులును అట్టివే. ఆనాటి డ్రమ్ముబ్రేకులు ఆనాటి వేగమునకు, ఆనాటి ఖాళీ రోడ్లకు సరిపోయినవి. నేడు రాజీవ్ రహదారిపై ముందు పోవు క్రొత్త కారు ఒక్కసారిగా ఆగినచో వెనుక వచ్చు పాత అంబాసిడరు అంత తొందరగా ఆగలేదు. డ్రమ్ములనే సరిచేయించి, క్రొత్త లైనింగు, క్రొత్త సిలిండరు రబ్బర్లు వేయించి, వేగము తగ్గించి నడుపుట ఒక మార్గము. సీటుబెల్టులను, వెలుగు గల వెనుక దీపములను, మలుపు సూచించు దీపములను అమర్చుట రెండవది. దేహమునకు క్రొత్త రంధ్రములు చేయక ఉన్న బోల్టులను ఆధారముగా చేసికొని అమర్చినచో, ప్రాణమునకు రక్షణ, వస్తువునకు గౌరవము రెండును దక్కును. భార్యాబిడ్డలను కూర్చుండబెట్టుకొని పోవు బండిలో ఈ ఖర్చునకు వెనుదీయరాదు.

సుఖముకొరకు చేయు మార్పులు మూడవ తరగతి. మెత్తని సీట్లు, ఎయిర్‌కండిషను, పవరు స్టీరింగు, క్రొత్త ఇంజను. వీనిలో సీటుమీద తొడుగు వేసికొనుట ఎప్పుడైనను తీయదగినది. పెద్ద మార్పులకు దేహమును కోయవలసి వచ్చును, బరువు మారును, చట్టమును అడ్డు వచ్చును. ఇక్కడ ఒక సంగతి ఆలోచింపదగినది. పాత బండి నడపుటలోని ఆనందము ఎక్కడ నున్నది? స్టీరింగు ప్రక్కన గేరు కర్రను పట్టుటలో, హారను మ్రోతలో, ఎత్తు సీటుమీదినుండి పొలములను చూచుటలో కాదా? వీనినన్నిటిని తీసివేసినచో మిగులునది పాత చొక్కా తొడిగిన క్రొత్త కారు. అంతకంటె క్రొత్త కారునే కొనుక్కొని, పాతదానిని అట్లే ఉంచుట చవుక. అనగా అసలుదనమును నిలుపుట చాలసార్లు అనుభవమునకే మేలు చేయును.

కాని అతిజాగ్రత్తయు హానియే. పాడగునను భయముతో బండిని తీయక మూసియుంచువారు దానిని కాపాడుచున్నామనుకొందురు. వాస్తవమునకు నిలిచియున్న బండి నిద్రలోనే చెడును. బ్రేకునూనె గాలిలోని తేమను పీల్చి సిలిండరును లోపల తినివేయును. ఖాళీ ట్యాంకు తుప్పుపట్టును. రబ్బరు సీళ్ళు ఎండి పగులును. పిస్టను గోడకు పట్టుకొనిపోవును. టైరు ఒకవైపు చదునగును. నెలకొకమారైనను నడపి, ఇంజనును బాగుగా వేడెక్కనిచ్చుట ఉత్తమమైన రక్షణము. ఈ పని పిల్లల చేత చేయించినచో యంత్రముతోపాటు విద్యయు నిలుచును.

రేడియో గల ఇండ్లవారికి దీనిని ఇంకొక ఉదాహరణముతో చెప్పవచ్చును. పెద్దలనాటి వాల్వు రేడియో పలుకుట మానినదనుకొందము. దానిలోని కాగితపు కెపాసిటర్లు తేమకు చెడియుండును. పనివాడు చెడిన కెపాసిటర్లను మాత్రము మార్చి, వాల్వులను అట్లే యుంచి పలికించినచో అది మరమ్మతు. లోపలిదంతయు పారవేసి చెక్కపెట్టెలో నేటి సంగీతయంత్రమును దాచినచో పెట్టె మాత్రము మిగిలినది, రేడియో పోయినది. అట్టి పని చేయవలెనన్నచో అప్పటికే లోపల ఏమియు మిగులని ఖాళీపెట్టెను వెదకి చేసికొనుట న్యాయము. మోటారులలోను అంతే. తుక్కుదుకాణములో తలుపులు, ఇంజను లేక పడియున్న చాసిసు వేరు, అన్ని భాగములతో షెడ్డులో నిలిచిన ఒంటియజమాని బండి వేరు. సరదా ప్రయోగములకు మొదటిదానిని ఎంచుకొనవలెను.

పని మొదలిడువారికి కొన్ని సూచనలు. బోల్టు విప్పకముందే బండి నాలుగు వైపుల, లోపల, క్రింద ఛాయాచిత్రములు తీయుడు. చాసిసు సంఖ్యను, ఇంజను సంఖ్యను నమోదుపత్రముతో సరిచూచుకొనుడు. తీసిన ప్రతి భాగమును సంచిలో వేసి పేరు వ్రాయుడు. క్రొత్తది అమర్చినను పాతదానిని పారవేయకుడు. ఏ తేదీన ఏమి మార్చినదియు ఒక నోటుపుస్తకములో వ్రాయుడు. బండిని నడిపిన పెద్దలు జీవించియున్నచో వారినడిగి, ఏ మార్పు ఎప్పుడు ఎందుకు చేయించిరో అందులోనే చేర్చుడు. మేస్త్రీ నేర్పును గౌరవించుడు గాని, తీసివేయవలెనో ఉంచవలెనో నిర్ణయించు భారమును అతనిమీద వేయకుడు. అది ఇంటివారు కూర్చుండి తేల్చుకొనవలసిన మాట.

ఆ మాట తేల్చుకొనునప్పుడు ఇంటిలోని అందరి అభిప్రాయమును వినవలెను. కుమారునికి బండి వేగము ముద్దు. తల్లికి పెండ్లినాడు తాను ఎక్కి వచ్చిన వెనుక సీటు ముద్దు. తాతమ్మకు ఆ హారను విన్నంతనే వాకిలి తెరచిన రోజులు జ్ఞాపకము. ఒకని ఆనందమునకై మార్చినది ఇతరుల జ్ఞాపకమును చెరపవచ్చును. వస్తువు పత్రములో ఒక్కరి పేరున ఉన్నను, దాని గతము ఇంటిల్లిపాదిది.

కావున నిర్ణయమునందు ఒక వరుసను పాటించిన చాలును. ప్రాణరక్షణకు కావలసినది ముందు చేయుడు. బండి నడచుటకు కావలసినది రెండవది. తిరిగి తీసివేయదగిన సుఖములను మూడవదిగా, ఇష్టము వచ్చినట్లు చేసికొనుడు. ఒకసారి పోయిన మరల రానివి, అనగా పాత రంగు, పాత ఇంజను, చాసిసు, దేహము, వీనిని మార్చు ఆలోచనను అన్నిటికంటె చివరకు నెట్టుడు. ఏడాదిపాటు ఆ బండిని ఉన్నదున్నట్లు నడపిన పిమ్మట, ఆ మార్పు నిజముగా కావలెనా యని మరల అడిగికొనుడు. పెక్కుమారులు అప్పటికి ఆ కోరికయే ఉండదు.